కత్తెర మిత్రలో కొత్త సదుపాయాలు

మా ప్రజా అవగాహన చిత్రాల విభాగంలో ఒక్క నిమిషం వీడియో తయారు కావడానికి నెల రోజులు పడుతోందని ఎవరో పెద్దమనిషి శాసనసభలో ప్రశ్న వేశాడు. ఆయనకి నెల ఎక్కువనిపించింది. ఆ నెలలో ఒక్క పూట కూడా మేం ఖాళీగా కూర్చోలేదని ఆయనకి తెలియదు. వీడియో మొదటి రోజునే తయారైపోతుంది. తన ముఖం అందులో కనబడలేదని అలిగిన అధికారిని బుజ్జగించి ఆ ముఖం కలపడానికి ఒక వారం, ఆ ముఖం కలపడం వల్ల తన ముఖం తగ్గిందని అలిగిన ఇంకో అధికారిని బుజ్జగించడానికి మరో వారం, ఇలా గడిచిపోతుంది. దీన్ని పట్టుకుని ఆలస్యం అనడం అన్యాయం.

అయినా సభలో వేసిన ప్రశ్న కాబట్టి కమిటీ వేయక తప్పలేదు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మరింత సమర్థంగా మార్చడానికి అందులో ఏయే కొత్త సదుపాయాలు ఉండాలో తేల్చడం ఆ కమిటీ పని. అధ్యక్షులు మా సంయుక్త సంచాలకులు కేశిరాజు గారు. ఆయన జీవితంలో ఎప్పుడూ ఒక వీడియో ఎడిట్ చేసి ఎరగరు. అందువల్ల ఏ పక్షపాతమూ లేకుండా నిర్ణయిస్తారని అందరూ ఒప్పుకున్నారు. రోజూ ఆ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే ఎడిటర్ని నేను కాబట్టి నాకు తలుపు పక్కన ఒక కుర్చీ వేశారు.

నేను అమాయకుణ్ణి. నిజంగానే సలహాలు అడుగుతారేమోనని ఆలోచించుకుని వెళ్లాను.

"కరెంటు పోయినప్పుడల్లా చేసిన పనంతా పోతోందండి. దానంతట అదే సేవ్ చేసుకునే ఏర్పాటు ఉంటే బాగుంటుంది" అన్నాను.

"దానంతట అదే అంటే? ఎవరి అనుమతితో?" అన్నారు కేశిరాజు గారు.

"అనుమతి అక్కర్లేదండి. అదే చేసేసుకుంటుంది."

"శేషగిరీ, ప్రభుత్వంలో దానంతట అదే జరిగేది ఒక్కటేనయ్యా, రిటైర్మెంటు. పై అధికారి చూడకుండా ఒక దస్త్రం భద్రపరచబడిందంటే రేపు జవాబు ఎవరు చెబుతారు?"

కరెంటు పోవడమే క్షేమమని తీర్మానించారు.

రెండో సలహా చెప్పాను. గంటల కొద్దీ ఉపన్యాసాల్లో కావలసిన ముక్క వెతుక్కోలేక చస్తున్నాం, ఒక మాట టైపు చేస్తే ఆ మాట ఎవరు ఎక్కడ అన్నారో చూపించే సదుపాయం బయట ఉంది, అది తెప్పించండి అన్నాను. ఆర్థిక శాఖ సభ్యుడు గొంతు సవరించుకున్నాడు.

"అంటే మేం పోయినేడు ఏం మాట్లాడామో ఎవరైనా వెతికి పట్టుకోవచ్చునా?"

"ఇట్టే పట్టుకోవచ్చండి" అన్నాను ఉత్సాహంగా.

భద్రతా కారణాల దృష్ట్యా ఆ ప్రతిపాదన తిరస్కరించడమైనదని రాసుకున్నారు. వెనకాల వినిపించే మోతను తగ్గించే సదుపాయం గురించి మూడో సలహా చెప్పాను. చప్పట్లు మోత కిందికి వస్తాయా అని అడిగారు. రావచ్చన్నాను. నన్ను టీ తాగి రమ్మన్నారు.

నేను తిరిగి వచ్చేసరికి కేశిరాజు గారు సమస్య మూలాన్ని కనిపెట్టేశారు. ఆలస్యం ఎడిటింగులో లేదు, తిరిగి ఎడిట్ చేయడంలో ఉంది. తిరిగి ఎందుకు చేస్తున్నాం? అధికారులు అలుగుతున్నారు కాబట్టి. ఎందుకు అలుగుతున్నారు? ఎడిటర్ కత్తిరిస్తున్నాడు కాబట్టి. కాబట్టి అధికారులను కత్తిరించడం చేతకాని సాఫ్ట్‌వేర్ ఉంటే అలక ఉండదు, అలక లేకపోతే ఆలస్యం ఉండదు. నేను ఎంత ఆలోచించినా ఈ వాదనలో తప్పు కనబడలేదు. ఇప్పటికీ కనబడటం లేదు.

అలా పుట్టింది కత్తెర మిత్ర.

మా విభాగం కోసమే ఒక కంపెనీ చేత దాన్ని చేయించారు. అధికారుల ముఖాలన్నీ హోదాల వారీగా అందులోకి ఎక్కించారు. తెర మీద ఒక ముఖం కనబడగానే అది ఎవరో, ఏ స్థాయివారో, ఎంతసేపు కనబడాలో కత్తెర మిత్రే తేల్చేస్తుంది. దృశ్యాలు జరిగిన వరసలో కాక సీనియారిటీ వరసలో పేర్చుకుంటుంది. మా డైరెక్టర్ జనరల్ పరాంకుశం గారు ఉన్న ఫ్రేము మీద అసలు కత్తెర పడదు. ఒకసారి తయారైన వీడియోను రద్దు చేయాలంటే అందులో కనబడే అందరి కంటే పై అధికారి వేలిముద్ర వేయాలి. అన్నిటికంటే గొప్ప సదుపాయం ఇంకొకటుంది. డైరెక్టర్ జనరల్ గారు కనబడే వీడియోకి వేరే ఆమోదం అవసరం లేదు కనుక, అది తయారైన మరుక్షణం మా విభాగం యాప్ ద్వారా జనం ఫోన్లలోకి దానంతట అదే వెళ్లిపోతుంది. దానంతట అదే జరిగేవి ఇప్పుడు రెండయ్యాయి.

ప్రారంభోత్సవం వీడియో అరగంటలో తయారైంది. ఒక్కరూ అలగలేదు. కేశిరాజు గారు నా భుజం తట్టి, "చూశావా, సామర్థ్యమంటే ఇదీ" అన్నారు.

ఆ వారమే డాక్టర్ ప్రసూన గారు వచ్చారు. డెల్టా చివర, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఆస్పత్రిలో ఆవిడ డాక్టరు. చెప్పుల నిండా బురద. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాట్లు మొదలయ్యాయండి. రోజూ పాము కాట్లే. మందు మా దగ్గరుంది, మనుషులే వేళకి రావడం లేదు. కాలికి తాడు బిగించి, కోసి, పసరు పోసి, అన్నీ అయ్యాక తీసుకొస్తున్నారు. నాకు ఒక్క నిమిషం వీడియో చాలు. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, కదలనీయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అంతే. మా నర్సమ్మ చెబుతుంది. ఆవిడ మాట అక్కడ అందరూ వింటారు."

ఆవిడే ఫోన్లో తీసుకొచ్చిన ముక్క నాకిచ్చారు. నర్సమ్మ ఒక కాలు చూపిస్తూ తేటగా, ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పింది. మధ్యలో తాచుపాము బొమ్మ. ఎడిట్ చేయడానికి ఏమీ లేదు. నేరుగా పంపించేయవచ్చు.

కత్తెర మిత్ర మాత్రం ఒప్పుకోలేదు. పాము కనబడగానే ఆగిపోయి, 'హోదా నమోదు కాని వ్యక్తి' అని చూపించింది.

విషయం కమిటీకి వెళ్లింది. పాముకి ఏ స్థాయి ఇవ్వాలన్నదాని మీద చర్చ జరిగింది. తక్కువ స్థాయి ఇస్తే వరసలో చివరకు పోతుంది, ఎక్కువ ఇస్తే ఉప సంచాలకుల కంటే ఎక్కువసేపు కనబడుతుంది. పాము అటవీ శాఖ పరిధిలోకి వస్తుంది గనుక ఆ శాఖ వారిని సంప్రదించకుండా చూపడం మర్యాద కాదని ఒకరన్నారు. దాంతో అటవీ శాఖ వారి సందేశం చేరింది. కాటు పొలంలో జరుగుతుంది కాబట్టి వ్యవసాయ శాఖ, గట్టు మీద జరుగుతుంది కాబట్టి జలవనరుల శాఖ చేరాయి. ఎవరి సందేశానికి వారి హోదాకు తగ్గ సమయం కత్తెర మిత్ర కేటాయించింది. నర్సమ్మకు అందరికంటే చివర చోటు దొరికింది.

"నర్సమ్మని ముందుకి జరపండి" అన్నారు డాక్టరు గారు.

"ఒక నర్సు డైరెక్టర్ జనరల్ గారి కంటే ముందా? ఏ సర్వీసు రూల్సు ప్రకారమమ్మా?" కేశిరాజు గారి గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది.

"పాము సర్వీసు రూల్సు చూసి కరవదు కదండీ!"

"అందుకే దానికి హోదా ఇవ్వడం కష్టమవుతోంది."

డాక్టరు గారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. చివరికి ఆవిడే ఒక ఉపాయం చెప్పారు. అందరికంటే ముందు వచ్చేది పరాంకుశం గారే కాబట్టి, ఆ నాలుగు మాటలూ ఆయన చేతే చెప్పిస్తే సరిపోతుంది కదా అన్నారు. కమిటీ మొత్తం సంతోషించింది. పరాంకుశం గారు ఇంకా సంతోషించారు. మర్నాడే కొత్త కోటు వేసుకుని స్టూడియోకి వచ్చారు.

"సర్పదష్టులైన వారు భయాందోళనలకు లోను కారాదు. దష్ట ప్రదేశమునకు ఎగువన బంధనము గావించు ప్రక్రియను ప్రోత్సహించరాదు. సమీప ఆరోగ్య కేంద్రమును ఆశ్రయించు దిశగా తగు చర్యలు చేపట్టవలసి యున్నది."

డాక్టరు గారు చేతులు జోడించారు. "సార్, కట్టు కట్టొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి అంటే చాలు."

"అమ్మా, నా స్థాయిలో ఉన్న మనిషి 'వద్దు' అంటే అది ఉత్తర్వు అవుతుంది. ఉత్తర్వు అంటే న్యాయశాఖ చూడాలి. నేను ప్రోత్సహించకుండా మాత్రమే ఉండగలను" అన్నారు పరాంకుశం గారు ఎంతో దయగా.

వీడియో సిద్ధమైంది. మొదట జ్యోతి ప్రజ్వలన, తర్వాత పూలదండలు, తర్వాత పరాంకుశం గారి సేవా జీవితం, ఆపైన బంధన ప్రక్రియ మీద ఆయన మాటలు, ఆ వెనక మూడు శాఖల సందేశాలు, అన్నిటి చివర నర్సమ్మ. ఒక్క నిమిషం అడిగితే అరగంట పైగా ఇచ్చాం. డాక్టరు గారు కృతజ్ఞతలు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. జనం ఫోన్లలో వీడియోని ముందుకు జరుపుకుని చూస్తున్నారని తేలింది. పరాంకుశం గారిని వేలితో పక్కకు తోసేయడం కత్తిరించడంతో సమానమేనని కేశిరాజు గారు అభిప్రాయపడ్డారు. కంపెనీ వారు ఒక్క పూటలో ఆ సదుపాయం కూడా కల్పించారు. మా యాప్‌లో వీడియో ఇక ముందుకు జరగదు. పాము కాటు గురించి ఇందులో చెబుతారని, కరిచిన వెంటనే పెట్టుకుని పూర్తిగా చూడమని ఊరూరా ఆశా కార్యకర్తల చేత చెప్పించాం.

ఎవరు ఎంతవరకు చూశారో మాకు ఆఫీసులో తెలుస్తుంది. అందరూ దీపం దగ్గరే ఆపేస్తున్నారు. ఓపిక ఉన్నవాళ్లు పూలదండల దాకా వస్తున్నారు. పరాంకుశం గారు బెంగ పెట్టుకున్నారు. అలాంటి సమయంలో మొగలిదిబ్బ అనే ఊరి నుంచి ఒకరు మొదటి నుంచి చివరి దాకా మొత్తం చూశారు. రాష్ట్రంలో మొదటి సంపూర్ణ వీక్షణ అది. ఆఫీసులో మిఠాయిలు పంచారు. ఆ ఫోను నాంచారమ్మ అనే రైతుకూలీదని కనుక్కున్నారు. ఆమెకు 'ఆదర్శ వీక్షకురాలు' బిరుదు ఇచ్చి, విజయవాడ పిలిపించి, పరాంకుశం గారి చేతుల మీదుగా సన్మానించాలని నిర్ణయించారు. ఆమె ఎందుకు మొత్తం చూసిందో ఎవరూ అడగలేదు. అంత బాగా తీశాం కాబట్టే చూసిందని అనుకున్నారు.

సన్మానం రోజు మధ్యాహ్నం ఆమె మా వరండాలో బెంచీ చివర కూర్చుని కనబడింది. నలభై లోపు మనిషి. నుదుట బొట్టు లేదు. మంచినీళ్లు ఇచ్చాను.

"మీ ఇంటాయన రాలేదామ్మా?" అన్నాను. అడగకుండా ఉండాల్సిందని అడిగాక తెలిసింది.

"నన్ను మైకులో మాటాడనిత్తారంట కదండీ. అక్కడే చెబుతాను" అంది. గ్లాసు కడిగి తిరిగి ఇచ్చింది.

సభ నిండుగా ఉంది. పరాంకుశం గారు శాలువా ఒక కొస ఆమె భుజం మీద వేసి, రెండో కొస తన చేతిలోనే పట్టుకుని కెమెరా వైపు తిరిగారు. కెమెరా తిరుగుతున్నంతసేపూ శాలువా వదలరాదు, నవ్వు ఆపరాదు. అది మా విభాగంలో మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. మైకు ఆమెకిచ్చి, వీడియో చూసిన అనుభవం చెప్పమన్నారు.

"మా ఆయన పేరు బసవయ్యండి. పొద్దుగూకే వేళ గట్టు మీద గడ్డి కోత్తంటే పురుగు ముట్టుకుంది. ఇంటికి నడిచే వచ్చాడు. ఆశా అమ్మాయి చెప్పింది కదా అని ఫోన్లో మీ బొమ్మ పెట్టాను. ఈ సారే దీపం ఎలిగించారు. దండలేసుకున్నారు. ముందుకి జరుపుదామంటే జరగలా. ఆటో అతను వచ్చి, ఎక్కించమంటావా వదినా అన్నాడు. ఉండు, ఏం చెయ్యాలో సారు ఇంకా చెప్పలేదు అన్నాను. నేనే అన్నానండి. ఈలోగా పక్కింటాయన తాడు బిగించి కట్టాడు. సారు ఏదో చెప్పారు, మాకు తెలవలా. ఆఖర్న నర్సమ్మ వచ్చి, కట్టు కట్టొద్దు, ఎంటనే ఆస్పత్రికి తీసుకుపోండి అంది. అప్పటికి ఆయన కళ్లు తెరవలేకపోతన్నాడు. దారిలోనే పోయాడు."

మైకు మరో చేతిలోకి మార్చుకుంది. ఏడవలేదు.

"మీరెవరూ పురుగు ముట్టుకుంటే ఈ బొమ్మలు చూడమాకండి. తాడు కట్టమాకండి. కొయ్యమాకండి. ఎవరేం చెబుతారోనని ఆగమాకండి. మనిషిని ఎక్కించుకుని ఆస్పత్రికి పొండి. అంతేనండి."

పరాంకుశం గారు శాలువా వదల్లేదు, నవ్వూ ఆపలేదు. వెనక వరసలో అలవాటు కొద్దీ ఇద్దరు చప్పట్లు కొట్టి ఆగిపోయారు. మా వీడియో ఒక మనిషిని చంపింది. దాన్ని ఎడిట్ చేసిన చేతులు నావి.

కేశిరాజు గారు నన్ను ఎడిటింగ్ గదిలోకి లాక్కెళ్లారు. "ఆ మనిషి మాటలు తీసెయ్! శాలువా ఒక్కటీ ఉంచు!"

నొక్కాను. 'ఈ ఫ్రేములో డైరెక్టర్ జనరల్ గారు ఉన్నారు. కత్తిరింపు అనుమతించబడదు' అంది కత్తెర మిత్ర.

"మాట వినబడకుండా చెయ్!"

'డైరెక్టర్ జనరల్ గారి సమక్షంలో శబ్దం నిలిపివేయబడదు.'

"ఆవిణ్ణి చెరిపెయ్, సారుని ఉంచు!"

శాలువా ఒక కొస ఆమె భుజం మీద, రెండో కొస సారు చేతిలో ఉంది. ఆమె భుజం ఎక్కడ ముగుస్తుందో, పరాంకుశం గారి హోదా ఎక్కడ మొదలవుతుందో యంత్రం తేల్చుకోలేకపోయింది. కంపెనీ ఇంజనీరుకి ఫోను చేశారు. "ఎవరూ కత్తిరించలేనట్టు చేయమని మీరే అన్నారు కదండీ" అన్నాడు అతను. అతని గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

డైరెక్టర్ జనరల్ గారు ఉన్న వీడియో కనుక అప్పటికే అది దానంతట అదే వెళ్లిపోయింది. ప్రతి ఫోనులోనూ, ముందుకు జరపడానికి వీల్లేకుండా. దీపం లేదు, దండలు లేవు. మొదటి క్షణం నుంచి చివరి దాకా పరాంకుశం గారు నవ్వుతూ ఉంటారు, ఆయన పక్కన నాంచారమ్మ మాట్లాడుతూ ఉంటుంది. ఆ రాత్రికల్లా లంక గ్రామాల్లో అది చూడని మనిషి లేడు. సంపూర్ణ వీక్షణలు లెక్కపెట్టడం మేం మానేశాం.

కొన్నాళ్లకు డాక్టర్ ప్రసూన గారు ఫోను చేశారు.

"శేషగిరి గారూ, ఈ మధ్య వస్తున్నవాళ్ల కాళ్లకి తాళ్లు లేవండి. కరిచిన కాసేపటికే వచ్చేస్తున్నారు. నిన్న నాంచారమ్మే ఒకావిణ్ణి ఆటోలో తీసుకొచ్చింది. ఆ రోజు తాడు కట్టినాయన భార్యట. బతికింది."

"నాంచారమ్మ ఎలా ఉందండీ?" అన్నాను.

"బయట మెట్ల మీద కూర్చుంది. ఆవిడ ఇంటికి పోతానంది గానీ లేవలేదు. నేనూ పక్కన కూర్చున్నాను" అన్నారు డాక్టరు గారు.

శాసనసభలో వేసిన ప్రశ్నకు జవాబు వెళ్లింది. నూతన సదుపాయాల వల్ల వీడియో తయారీ కాలం నెల నుంచి మరుక్షణానికి తగ్గినదనీ, ప్రజాదరణ అపూర్వమనీ అందులో ఉంది. కేశిరాజు గారికి పదోన్నతి వచ్చింది. ఇకపై పౌరులు అధికారులతో ఒకే ఫ్రేములో ఉండరాదన్న కొత్త సదుపాయం కత్తెర మిత్రలో చేర్చారు.

నాంచారమ్మ వీడియోని రద్దు చేయడానికి మాత్రం పరాంకుశం గారి కంటే పై అధికారి వేలిముద్ర కావాలి. ఆ పై అధికారి ఎవరన్నదాని మీద రెండు శాఖల మధ్య అభిప్రాయభేదం వచ్చింది. సాంకేతిక అభిప్రాయం కోసం ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ఉద్యోగంలో చేరాక ఒక ఫైలు కదలకూడదని మనస్ఫూర్తిగా కోరుకోవడం నాకు ఇదే మొదటిసారి. రద్దు చేసే ముందు సదరు మహిళ హోదా ఏమిటో నిర్ధారించవలసి యున్నదని, ఈ విషయమై అటవీ శాఖ, వ్యవసాయ శాఖ, జలవనరుల శాఖల అభిప్రాయం తీసుకొనుట సముచితమని నా చక్కని దస్తూరీలో రాసి వెనక్కి పంపాను.

మూడు శాఖలూ ఫైలు అందిందని జవాబిచ్చాయి. పరిశీలిస్తున్నారట. బయట ఇంకా నాట్లు పడుతూనే ఉన్నాయి.